హెచ్-1బీ: కోటా సంగతి సరే, బెంచి సంగతేంటి?

హెచ్-1బీ అనగానే మనవాళ్ళ మాటలన్నీ కోటా చుట్టూనే తిరుగుతాయి. 1990 చట్టంలో ఏడాదికి 65,000 అన్నారు, 2001 నుంచి 2003 దాకా 1,95,000 చేశారు, 2004లో మళ్ళీ మొదటికొచ్చారు. ఇది అందరికీ తెలిసిందే. నాకు మాత్రం ఎవరూ చదవని చిన్న చిన్న క్లాజులదే అసలు చరిత్ర అనిపిస్తుంది.

ఈ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టేది కంపెనీ, మనం కాదు. అంటే మన జుట్టు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ప్రాజెక్టు దొరికేదాకా జీతం లేకుండా గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టడం అలా పుట్టిందే. 1998 చట్టం దాన్ని నిషేధించింది. మనంతట మనం సెలవు పెడితే తప్ప, పని చూపించలేకపోయినా జీతం ఇచ్చి తీరాల్సిందే. 2000 చట్టంతో ఇంకో ముడి వీడింది. హెచ్-1బీలో ఉన్నవాళ్ళు కొత్త కంపెనీ పిటిషన్ వేయగానే అక్కడ చేరొచ్చు, ఆమోదం దాకా ఆగక్కర్లేదు. ఉద్యోగం పోతే 60 రోజుల దాకా గడువు మాత్రం 2017లో గానీ రాలేదు. 2001లో రోడ్డున పడ్డవాళ్ళకి ఆ పాటి ఊపిరి కూడా లేదు.

మరి ఇన్ని హక్కులుండీ బెంచి మీద జీతం అడగడానికి ఎందుకు జంకుతాం? గ్రీన్‌కార్డు క్యూ వల్ల. ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి వల్ల మనవాళ్ళకి అది ఏళ్ళ తరబడి సాగుతుంది. మళ్ళీ ఆ దరఖాస్తూ కంపెనీదే!

భయం సహజమే. కానీ పే స్టబ్ లేని ప్రతి నెలా రేపు మన స్టేటస్ మెడకే చుట్టుకుంటుంది. అడగండి, అదీ ఈమెయిల్లో అడగండి.