కార్ల ఓడల జాడ

కొత్త కార్లను విదేశాలకు చేరవేసే ఓడ ఏ సముద్రంలో ఉందో, ఎటు పోతోందో, ఎంత వేగంతో కదులుతోందో రేడియో సంకేతాల ద్వారా, ఉపగ్రహాల ద్వారా తెలుసుకోవడాన్ని కార్ల ఓడల జాడ తీయడం అంటారు. ఒకప్పుడు రేవు అధికారులకూ నౌకా సంస్థలకూ మాత్రమే సాధ్యమైన ఈ పని ఇప్పుడు ఫోను ఉన్న ఎవరికైనా సాధ్యమే. తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో, సముద్రానికి సుమారు 150 కిలోమీటర్ల దూరాన ఉన్న హరూర్‌లో కూర్చుని కూడా బంగాళాఖాతంలో వెళ్తున్న ఓడను తెరమీద చూడవచ్చు. అయితే ఆ తెరమీద కనబడేది ఓడ ఒక్కటే, అందులోని కారు కనబడదు. ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్లనే ఈ విషయంలో అపోహలు పుడుతున్నాయి. ఎగుమతి కాగితాలతో ముడిపడినప్పుడే ఓడ జాడ కారు జాడగా పనికొస్తుంది. లేనప్పుడు అది పటంమీద కదిలే చుక్క మాత్రమే.

తెలుగు ప్రాంతానికి ఇది దూరపు ముచ్చటేమీ కాదు. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న కొరియా సంస్థ కియా, అప్పటి అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో, పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం కట్టింది. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది, ఆ వెంటనే ఎగుమతులూ మొదలయ్యాయి. 2022 ఆరంభానికి ఎగుమతి లక్ష కార్లు దాటింది. ఎర్రమంచి పక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి మీదుగా ధర్మపురికి వస్తుంది. హరూర్ అక్కడికి తూర్పున ఉంది. చెన్నైకి పోయే దారి కృష్ణగిరి వద్ద చీలుతుంది. ధర్మపురి, కృష్ణగిరి తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్న ప్రాంతాలు. దక్షిణాదిలో తయారైన కార్లు ఎక్కువగా ఓడ ఎక్కేది చెన్నై రేవులోనూ, 2001లో మొదలై 2014లో కామరాజర్ పేరు పెట్టుకున్న ఎన్నూరు రేవులోనూ.

ఈ ఓడల తీరు వేరు. క్రేన్లతో పనిలేదు. వెనుకవైపు దించిన ర్యాంపు మీదుగా డ్రైవర్లు కార్లను నడుపుకుంటూ లోపలికి తీసుకెళ్తారు, అంతస్తులవారీగా ఇరుకిరుగ్గా నిలుపుతారు, చక్రాలను పట్టీలతో నేలకు బిగిస్తారు. పన్నెండు, పదమూడు అంతస్తుల ఓడలూ ఉన్నాయి. ఓడ సామర్థ్యాన్ని చెప్పే లెక్క మాత్రం విచిత్రమైనది. 1960ల నాటి టొయోటా కరోనా కారు ఆక్రమించే చోటును ఒక యూనిట్‌గా పట్టి, ఇన్ని వేల కార్లు పడతాయని ఇప్పటికీ చెబుతున్నారు. ఆ కరోనా పొడవు 4.125 మీటర్లు, వెడల్పు 1.55 మీటర్లు. మొదటి తరం సెల్టోస్ పొడవు 4.315 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. అంటే నేల మీద అయిదో వంతుకు పైగా ఎక్కువ చోటు కావాలి. 7,000 కార్ల ఓడ అని విన్నప్పుడు 7,000 సెల్టోస్‌లు పోతున్నాయనుకుంటే పొరపాటు. చమురు ఓడ నీటిలో ఎంత లోతు మునిగిందో చూసి సరుకు అంచనా వేసేవాళ్లున్నారు, కానీ ఆ కిటుకు ఇక్కడ పనిచేయదు. ఓడ పరిమాణం ముందు కార్ల బరువు స్వల్పం, పైగా సమతౌల్యం కోసం నింపుకునే నీరు ఆ తేడాను కప్పేస్తుంది. నిండు ఓడకూ ఖాళీ ఓడకూ పైకి పెద్ద తేడా కనబడదు.

తెరమీది చుక్కకు మూలం ఏఐఎస్ అనే స్వయంచాలక గుర్తింపు వ్యవస్థ. ఓడలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా ఉండటం కోసం దీన్ని రూపొందించారు, సరుకు యజమాని కోసం కాదు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నేజీకి పైబడిన ఓడలన్నీ 2004 చివరికల్లా దీన్ని అమర్చుకోవాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) నిబంధన తెచ్చింది. ఓడ నడుస్తున్నప్పుడు వేగాన్ని బట్టి 2 నుంచి 10 సెకన్లకోసారి, లంగరు వేసినప్పుడు 3 నిమిషాలకోసారి తన స్థానాన్ని ప్రకటిస్తుంది. సంకేతం వీహెచ్‌ఎఫ్ తరంగాల్లో పోతుంది కాబట్టి తీరంలోని గ్రాహకాలు మామూలుగా 40 నాటికల్ మైళ్ల లోపే, అంటే దాదాపు 75 కిలోమీటర్ల లోపే, అందుకోగలవు. హరూర్‌లో మిద్దెమీద యాంటెన్నా పెట్టినా చెన్నై ఓడ పలకదు. తీరాన, దీపస్తంభాల మీద ఉన్న గ్రాహకాలు పట్టిన సమాచారమే ఇంటర్నెట్ ద్వారా ఇక్కడికి వస్తుంది. నడిసముద్రంలో ఆ పని ఉపగ్రహాలది. 2011 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సి16 మోసుకెళ్లిన రిసోర్స్‌శాట్-2లో కెనడా సంస్థ తయారుచేసిన ఇలాంటి ఏఐఎస్ పరికరాన్ని ప్రయోగాత్మకంగా అమర్చారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక లోపాల సంగతి. స్థానం, వేగం యంత్రం చెప్పే మాటలు. గమ్యం, చేరే సమయం మాత్రం ఓడ సిబ్బంది చేతితో నమోదు చేసేవి. పాత గమ్యాన్ని మార్చడం మరచిపోవచ్చు, రేవు పేరును ముక్కలుచేసి రాయవచ్చు. యంత్రం చెప్పేదైనా నిజమేనన్న హామీ లేదు. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో రష్యా తీరం దగ్గరున్న దాదాపు 20 ఓడలు, నీటిమీదే ఉంటూ, గెలెంద్జిక్ విమానాశ్రయంలో ఉన్నట్టు తమ స్థానాన్ని చూపించాయి. జీపీఎస్ సంకేతాన్ని ఎవరో తప్పుదారి పట్టించారన్నదే అప్పటి నిపుణుల అనుమానం. వీటన్నిటికంటే మామూలుగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. ఒక రేవులో కార్లను దించి, కొన్నాళ్లు యార్డులో ఉంచి, మరో ఓడకు ఎక్కించడం ఈ వ్యాపారంలో సర్వసాధారణం. మొదటి ఓడనే వెంబడిస్తున్న కొనుగోలుదారు తన కారు యార్డులో దుమ్ము పట్టి నిలబడి ఉంటే ఖాళీ ఓడను చూసి మురిసిపోతుంటాడు.

ఓడ జాడకూ సరుకు జాడకూ ఉన్న దూరాన్ని 2023 జూలైలో నెదర్లాండ్స్ తీరం దగ్గర తగలబడిన ఫ్రీమాంటిల్ హైవే అనే కార్ల ఓడ స్పష్టంగా చూపింది. ఓడ ఎక్కడుందో ప్రపంచమంతా చూస్తూనే ఉంది. లోపల ఏముందన్నదే తేలలేదు. కోస్ట్‌గార్డ్ మొదట దాదాపు 2,850 కార్లు, వాటిలో 25 విద్యుత్ కార్లు అని చెప్పింది. తర్వాత ఓడను నడిపిన జపాన్ సంస్థ లెక్క ప్రకారం వాహనాలు 3,783, వాటిలో విద్యుత్ వాహనాలు 498. మంటలను ఎదుర్కోవలసిన వాళ్లకు ఆ తేడా చిన్నదేమీ కాదు. ఆ ప్రమాదంలో ఒక భారతీయ నావికుడు చనిపోయాడు. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో అజోర్స్ దీవుల దగ్గర అంటుకుని మార్చి 1న మునిగిపోయిన ఫెలిసిటీ ఏస్ అనే ఓడ విషయంలోనూ, దాదాపు 4,000 కార్లలో ఎవరి కారు పోయిందో తేల్చింది తెరమీది చుక్క కాదు, తయారీదారుల దగ్గరున్న కార్ల నంబర్ల జాబితా.

కాబట్టి కారు జాడ కారు నుంచే మొదలవ్వాలి. ప్రతి కారుకూ 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరు ఉంటుంది. ఎర్రమంచి కార్లకు అది ఎంజడ్‌బి అనే అక్షరాలతో, చెన్నై హ్యుందాయ్ కార్లకు ఎంఏఎల్‌తో మొదలవుతుంది. కస్టమ్స్ దగ్గర షిప్పింగ్ బిల్లు, సరుకు ఓడకెక్కాక ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ అనే రసీదు ఆ కారును ఒక ఓడకూ ఒక ప్రయాణానికీ ముడివేస్తాయి. ఓడ పేరును ఒక్కదాన్నే నమ్ముకోవడం మాత్రం మంచిది కాదు. పేరు మారుతుంది, జెండా మారుతుంది. ఏడంకెల ఐఎంఓ నంబరు ఓడ తుక్కుకు పోయేదాకా మారదు. అందులో సరిచూసుకునే వీలు కూడా ఉంది. మొదటి ఆరు అంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2తో హెచ్చవేసి కూడితే, ఆ మొత్తంలోని చివరి అంకె నంబరులోని ఏడో అంకెతో సరిపోవాలి. గెలాక్సీ లీడర్ అనే కార్ల ఓడ నంబరు 9237307 తీసుకుంటే 63, 12, 15, 28, 9, 0 కలిపి 127. చివరి అంకె 7, సరిపోయింది. రేవులో ఎవరో తప్పు రాసిచ్చిన నంబరును ఇంటి దగ్గరే పట్టుకోవడానికి ఈ పాటి లెక్క చాలు.

ఇలా ఓడల జాడ తీయడానికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది భద్రతకు సంబంధించినది. ఓడల స్థానాలను బహిరంగంగా ప్రచురించడం ప్రమాదకరమని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ కమిటీ 2004 డిసెంబర్‌లోనే ఖండించింది. ఆ భయం ఊహ కాదు. పైన చెప్పిన గెలాక్సీ లీడర్‌ను, అది తుర్కియే నుంచి గుజరాత్‌లోని పిపావావ్‌కు ఖాళీగా వస్తుండగా 2023 నవంబర్ 19న ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీలు హెలికాప్టర్‌తో దిగి పట్టుకున్నారు; 25 మంది సిబ్బంది 2025 జనవరిలో గానీ విడుదల కాలేదు. అయితే ఓడ ఏఐఎస్ సంకేతం అంతకు ముందు రోజే ఆగిపోయిందని కూడా గమనించాలి. సంకేతం ఆపినంత మాత్రాన ఓడ దాగలేదు. ప్రమాదం పొంచి ఉంటే సంకేతం ఆపే స్వేచ్ఛ కెప్టెన్‌కు నిబంధనల్లోనే ఉంది, అది ఉండాలి కూడా. ప్రభుత్వాలకు ఆరు గంటలకోసారి స్థానం తెలిపే ఎల్ఆర్ఐటీ అనే మరో వ్యవస్థ విడిగా, బయటివారికి కనబడకుండా పనిచేస్తూనే ఉంది. కొనుగోలుదారుకు ఓడ నిమిష నిమిషానికీ ఎక్కడుందో తెలియనక్కర్లేదు. ఏ ఓడ, ఏ రేవు, ఓడ మారిందా అన్న మూడు సంగతులు చాలు. వీటివల్ల ఏ నావికుడికీ ముప్పు లేదు.

తయారీదారు దగ్గర ఈ వివరాలన్నీ ఉంటాయి, మధ్యలో జనం తలదూర్చడం ఎందుకనే వాదన కూడా ఉంది. వివరాలు ఉంటాయి, నిజమే. అవి కొనుగోలుదారు దాకా వస్తాయా అన్నదే ప్రశ్న. ఎర్ర సముద్రంలో హూతీల దాడులతో ఐరోపా వైపు పోయే ఓడలు గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళ్లాల్సి వచ్చి, ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. డీలరు చెప్పిన తేదీ ఎందుకు తప్పిందో ఓడ దారి చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. తెలుగు కర్మాగారాల నుంచి కార్లు దిగుమతి చేసుకునే విదేశీ డీలర్లయినా, ఎగుమతి కాగితాలు చూసే ఏజెంట్లయినా, కారు కొన్నవారికి ఛాసిస్ నంబరుతోపాటు ఓడ ఐఎంఓ నంబరును, ప్రయాణ నంబరును, ఓడ మారితే కొత్త ఓడ నంబరును రాతపూర్వకంగా ఇవ్వాలి.