సింగపూర్‌పై ఆ ఆఖరి కిక్: సుమిత్రా నాయక్, మన ఆడపిల్లలు



1936 ఏప్రిల్ 1 దాకా మన కొరాపుట్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో ఉండేవని ఇక్కడ చాలాసార్లు చెప్పుకున్నాం. ఈసారి దగ్గరి చరిత్ర చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

భారత మహిళలు పదిహేనుమంది ఆడే రగ్బీలో తొలిసారి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 2018లో. సింగపూర్ చేతిలో ఓడిపోయారు. సరిగ్గా ఏడాదికి, 2019 జూన్‌లో మనీలాలో మళ్లీ అదే సింగపూర్ ఎదురైంది. ఆట చివరి నిమిషాల్లో మనకు పెనాల్టీ దొరికింది. బంతిని నేలమీద నిలబెట్టి, మూడు మీటర్ల ఎత్తున ఉన్న అడ్డకర్ర పైనుంచి, రెండు స్తంభాల మధ్యగా తన్నాలి. పడితే మూడు పాయింట్లు. తన్నింది మన ఒడిశా అమ్మాయి సుమిత్రా నాయక్. పడింది. 21-19తో గెలిచాం. పదిహేనుమంది ఆటలో భారత మహిళలకు అదే మొదటి గెలుపు.

సుమిత్రది జాజ్‌పూర్ జిల్లా. భువనేశ్వర్‌లో ఆదివాసీ పిల్లలకు ఉచితంగా చదువు, వసతి ఇచ్చే కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదువుకుంది. 2007లో ఆ బడి మగపిల్లలు లండన్‌లో పద్నాలుగేళ్లలోపు వాళ్ల రగ్బీ పోటీ గెలిచొచ్చారు. ఆడపిల్లలకూ అదే మైదానం, అదే బంతి ఇచ్చారు. ఫలితం మనీలాలో కనిపించింది.

ఇది పేద దేశాల సంగతే అనుకోకండి. ఐర్లాండ్ మహిళల జట్టుకు అప్పట్లో కెప్టెన్‌గా ఉన్న ఫియోనా కోగ్లన్ బడిలో టీచరుగా పనిచేసేది. ఉద్యోగం చేసుకుంటూనే 2013లో ఆరు దేశాల పోటీలో అన్ని మ్యాచ్‌లూ గెలిపించింది. ఆఖరిది ఇటలీపై 6-3. మరుసటి ఏడాది ప్రపంచ కప్‌లో, వరుసగా నాలుగుసార్లు కప్పు గెలిచిన న్యూజిలాండ్‌ను 17-14తో ఓడించారు. జీతం లేని ఆటే అది వాళ్లకు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మన ఉగాది పోటీల్లో ఆడపిల్లలకు ముగ్గులున్నాయి, పాటలున్నాయి. పరుగు పందెం మాత్రం చిన్నపిల్లలకే. ఎనిమిదో తరగతికి రాగానే "ఇక చాలమ్మా, చదువుకో" అంటాం. అన్నయ్యను అలా అనం. సుమిత్రతో ఆ మాట అని ఉంటే మనీలాలో ఆ బంతి ఎవరు తన్నేవారు?

వచ్చే ఉగాదికి పెద్ద ఆడపిల్లలకు పరుగు, కబడ్డీ పెడదామని నా ప్రతిపాదన. మైదానం, బహుమతుల ఖర్చు పెద్దదేం కాదు. మీ ఇంట్లో ఆడాలని ఉన్న అమ్మాయి ఉంటే కింద రాయండి. పేర్లు వస్తే కమిటీ కాదనలేదు.