ఫడ్జ్ ఖిస్సా: హాస్టల్ గదిలో ఉడికిన మిఠాయి

మిఠాయిల తారీఖ్ రాసేవాళ్లకు నవాబులంటే మహా మోజు. ఫలానా హల్వా ఫలానా నవాబు దస్తర్‌ఖాన్ మీద పుట్టిందంటారు. మరి వండిన చేయి ఎవరిదయ్యా అంటే ఖామోష్! అందుకే నాకు అమెరికావాళ్ల ఫడ్జ్ మీద కాస్త ఎక్కువ ముహబ్బత్. దాని ఖిస్సాలో నవాబు లేడు, హల్వాయి దుకాణమూ లేదు. చదువుకునే ఆడపిల్లలున్నారు, ఒక ఖత్ ఉంది.

ఫడ్జ్ తిననివాళ్లు మన బర్ఫీకి దూరపు చుట్టం అనుకోండి. చక్కెర, మీగడ, చాక్లెట్, వెన్న, అంతే.

ఆ ఖత్ రాసినామె ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్. న్యూయార్క్ రాష్ట్రంలో 1861లో ఆడవాళ్ల కోసం పెట్టిన వాసర్ కాలేజీలో చదువుకుంది. 1886లో బాల్టిమోర్ నగరంలో తన సహేలీ వాళ్ల కజిన్ ఒకరు ఈ మిఠాయి చేసేవారనీ, పౌండు 40 సెంట్లకు అమ్మేవారనీ 1921లో రాసింది. సహేలీ దగ్గర తరీఖా తెలుసుకుని, 1888లో కాలేజీ సీనియర్ల వేలం కోసం తాను 30 పౌండ్లు, అంటే సుమారు పదమూడున్నర కిలోలు, చేసిందట. నేనే కనిపెట్టానని మాత్రం అనలేదు. ఆ ఇమాన్‌దారీ నాకు నచ్చింది.

తర్వాత అది కాలేజీ నుంచి కాలేజీకి పాకింది. అమ్మాయిలు గదుల్లో గ్యాసు దీపాల మీద, స్పిరిట్ దీపాల మీద వండుకునేవారు. స్మిత్ కాలేజీ అమ్మాయిలు బ్రౌన్ షుగర్, మొలాసెస్ కలిపారు. వెల్లెస్లీవాళ్లు మార్ష్‌మాలో వేశారు. ఎవరి హునర్ వారిది.

వాసర్ లెక్క తేలికే: రెండు కప్పుల చక్కెర, కప్పు మీగడ, రెండు ఔన్సుల తీపిలేని చాక్లెట్, చెంచాడు వెన్న. కష్టమంతా పాకంలోనే. చుక్క చన్నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కావాలి. థర్మామీటర్ ఉంటే 112 నుంచి 115 డిగ్రీల సెల్సియస్. దించాక సబర్ చేయాలి. గోరువెచ్చనయ్యేదాకా గరిటె పెట్టకూడదు. వేడి మీద కలిపితే చక్కెర పెద్ద పలుకులు కట్టి, నోట్లో ఇసుకలా కరకరలాడుతుంది. చల్లారాక మెరుపు పోయేదాకా గట్టిగా కలిపితే పలుకులు సన్నగా పడి, నాలుక మీద మలాయిలా కరుగుతుంది. చేయి నొప్పి పుడుతుంది, నిజమే. మెహనత్ లేని మిఠాస్ ఎక్కడుంది?

ఇంకో మజా చెప్పనా? ఫడ్జ్‌ని వాళ్లు కాండీ అంటారు. ఆ మాట మన సంస్కృత ‘ఖండ’మే. ఫార్సీ, అరబీల్లో ‘ఖంద్’ అయి, ఐరోపా చేరి ‘కాండీ’ అయింది. మనం బర్ఫీ అనడం ఫార్సీ ‘బర్ఫ్’, అంటే మంచు, నుంచి. మాటలు వీసా అడగవు. ‘బయటివాళ్ల తిండి’ అని ముఖం చిట్లించేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఇంత ఖిస్సాలోనూ బాల్టిమోర్ కజిన్ పేరు ఆ ఖత్‌లో లేదు. తరీఖా మిగిలింది, అమ్మిన ధర మిగిలింది, చేసిన మనిషి మిగల్లేదు. మన బావర్చీఖానాల సంగతీ అదే. నానీ చేతి బాదం జాలీ అందరికీ యాదుంటుంది. నానీ అసలు పేరు అడిగితే మనవళ్లు తడుముకుంటారు. ఈసారి వంట రాసుకునేటప్పుడు కొలతల కంటే ముందు ఆ పేరు రాయండి.