అడవిదున్న కొమ్ములు, అట్ట కొమ్ములు: భద్రాచలం మన్యంలో వేషాల తయారీ

ఖమ్మం మైదానం ముగిసి గోదావరి వెంట అడవి మొదలయ్యే సరిహద్దు ప్రాంతం పలుమార్లు పాలన మారింది. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారికి దక్కిన భద్రాచలం తాలూకా కొన్నాళ్లు మధ్యపరగణాల్లో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిసి, 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా పట్టణం తెలంగాణలో నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. ఈ సరిహద్దు గీతలేవీ కోయల కొమ్ముల ఆటను విడదీయలేకపోయాయి. పెళ్లిళ్లలోను, విత్తనాలకు ముందు చేసే భూమి పండుగలోను పురుషులు తలపై అడవిదున్న కొమ్ములు ధరించి, పొడవైన డోళ్లు మెడకు వేలాడదీసుకొని, పోట్లాడే దున్నల్లా ఒకరినొకరు ఢీకొంటూ ఆడే ఆట ఇది. ఆడవారు చేతులు కలిపి వరుసగా అడుగులు వేస్తూ రేల పాటలు పాడతారు. గోదావరికి ఉత్తరాన బస్తర్ అడవుల్లోని దండామి మరియ గోండు గిరిజనులదీ ఇలాంటి తలకట్టే. బ్రిటిష్ అధికారి గ్రిగ్సన్ 1938లో వెలువరించిన తన గ్రంథంలో ఆ తలకట్టును బట్టే వారిని గుర్తించి వర్ణించాడు.

ఆ తలకట్టు నిర్మాణం గమనించదగినది. వెదురు బద్దలతో తల చుట్టుకొలతకు సరిపోయే చట్రం అల్లి, దానికి గుడ్డ చుట్టి, రెండు వైపులా కొమ్ములు బిగించి, నడుమ నెమలి ఈకల కుచ్చు నిలబెడతారు. బస్తర్ వైపు గవ్వల సరాలు ముఖం మీదికి తెరలా వేలాడుతూ ఆడేవాడి కళ్లను దాదాపు కప్పేస్తాయి. వెదురు, ఈక, కొమ్ము మన్యంలోనే పుట్టినవి. గవ్వ మాత్రం మాల్దీవుల సముద్రజలాల నుంచి వర్తకుల మూటల్లో ఒడిశా మీదుగా, సంతల మీదుగా అడవికి చేరింది. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల దాకా ఒడిశాలో శిస్తు సైతం గవ్వల్లోనే చెల్లేది. బయటి ప్రపంచంతో సంబంధం లేని మనుషులుగా కోయలను చిత్రించే పాత వర్ణనలను ఆ ఒక్క సరమే చాలినంతగా ఖండిస్తుంది.

ఈ సామగ్రిలో కొమ్ముల స్థానం వేరు. ఈక రాలితే మరొకటి దొరుకుతుంది, చట్రం విరిగితే మరొకటి అల్లుకోవచ్చు. కొమ్ముల జత మాత్రం తండ్రి నుంచి కొడుక్కు వచ్చే ఆస్తి. భుజం దగ్గర ఆరడుగుల ఎత్తు, వెయ్యి కిలోల దాకా బరువు ఉండే అడవిదున్న ఒకప్పుడు ఈ కొండల్లో ఎంత విరివిగా ఉండేదంటే, మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో కొండరెడ్లపై రాసిన గ్రంథానికి దున్నల కొండల పేరే పెట్టాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ జంతువుకు అత్యున్నత రక్షణ కల్పించి, వేటను, కొమ్ముల క్రయవిక్రయాలను నేరం చేసింది. జంతువు బతకాలంటే అది అవసరమైన చట్టమే, అందులో సందేహం లేదు. అయితే ఇళ్లలో మిగిలిన పాత జతలు దానితో మరింత అపురూపమయ్యాయి, కొత్త తరం ఆటగాళ్లకు ప్రత్యామ్నాయం వెతకక తప్పలేదు.

వేషమనే భావన ఈ నేలకు మరో దారిలోనూ పరిచితమే. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలను మారీచుడు బంగారు లేడిగా, రావణుడు సన్యాసిగా వచ్చిన చోటుగా స్థానికులు నమ్ముతారు. ధనుర్మాసంలో ముక్కోటి ఏకాదశికి ముందు భద్రాచలం రామాలయ ఉత్సవమూర్తిని రోజుకొక అవతారంగా, అంటే మత్స్యంగా, కూర్మంగా, వరాహంగా, మిగిలిన రూపాలుగా అలంకరిస్తారు. ఊరూరా తిరిగి పగటివేషాలు కట్టిన కళాకారులు బొగ్గు, పసుపు, విభూతి, పాత చీరలతోనే దేవతలను, రాజులను, బైరాగులను నిలబెట్టేవారు. తెలుగు నేలపై వేషం కొనుక్కునే సరుకు కాదు, కట్టుకునేది.

పిల్లల వేషాల చరిత్రను ఈ వెలుగులోనే చూడాలి. అక్టోబరు 31న అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలు హాలోవీన్ కోసం అట్టపెట్టెలు, పాత దుప్పట్లతో వేషాలు తయారు చేసుకోవడం చూసి ముచ్చటపడేవారికి, మన్యం పిల్లలకు అంతకంటే పాత వారసత్వం ఉందన్న సంగతి తట్టకపోవచ్చు. 1994లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఆదివాసీ దినోత్సవం ఆగస్టు 9న వస్తుంది. ఆ రోజున గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు కోయ వేషాలు కట్టడం ఇప్పుడు మామూలైంది. దట్టమైన అట్టను రెండు పొరలుగా అంటించి వంపుగా కత్తిరించి, మొనలకు బొగ్గుపొడి పూసి, వెదురు వలయానికి నారతో బిగిస్తే పిల్లల తలకు తగిన తేలికపాటి కొమ్ములు సిద్ధమవుతాయి. నెమలి సహజంగా రాల్చిన ఈకలో, కోడి ఈకలో కుచ్చుకు సరిపోతాయి. అట్ట కొమ్మును నకిలీ అని తీసిపారేయడం సరికాదు, ఎందుకంటే చేతికందిన దానితో తలకట్టు అల్లడమే ఈ విద్యకు మూలం. వెదురు బద్దను చీల్చి వలయంగా వంచడం నేర్చిన పిల్లవాడికి అందులో సగం పట్టుబడినట్టే.

అద్దె దుకాణం నుంచి ప్లాస్టిక్ కిరీటం తెచ్చి పెడితే ఆ సగం కూడా దక్కదు. మణుగూరు ప్రాంతపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. అదే మన్యంలో తలకట్లు అల్లే పెద్దల పేర్లు మాత్రం ఏ జాబితాకూ ఎక్కలేదు. ఆశ్రమ పాఠశాలలు ఏడాదికి కనీసం ఒక వారం ఆ పెద్దలను గురువులుగా పిలిచి, తగిన వేతనమిచ్చి, పిల్లల చేత అల్లించాలి.