టిప్పు నుంచి తుంబా దాకా: ఆ గీత నిజంగా ఉందా?

సైన్స్ అండ్ టెక్నాలజీ మీద వ్యాసం రాయమంటే మనలో చాలామంది మొదటి పేరా ఒకేలా మొదలుపెడతాం: టిప్పు సుల్తాన్ రాకెట్లతో మొదలైన ప్రయాణం నేడు ఇస్రో దాకా వచ్చింది అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ ఒక్క వాక్యంలో 168 ఏళ్లు మాయమైపోతున్నాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. మన దేశంలోనే రూపొందించి తయారుచేసుకున్న మొదటి సౌండింగ్ రాకెట్ 1967లో ఎగిరింది. మధ్యలో ఏం జరిగిందో అడిగితే జవాబు చెప్పగలరా?

ముందు మైసూరు సంగతి చూద్దాం. దీపావళి తారాజువ్వను గమనించే ఉంటారు. కాగితం గొట్టం, అందులో దట్టించిన మందు, పక్కన కట్టిన పుల్ల. మైసూరు రాకెట్ కూడా దాదాపు ఇంతే, కాకపోతే గొట్టం ఇనుముది. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్ కాబట్టి నా చూపు ముందు ఆ గొట్టం మీదే పడుతుంది. మందు కాలేకొద్దీ లోపల పీడనం పెరుగుతుంది. పీడనం ఎక్కువైతే వాయువులు వేగంగా వెనక్కి దూసుకుపోతాయి, రాకెట్ అంత దూరం వెళ్తుంది. కాగితం గొట్టమో, వెదురు గొట్టమో అయితే ఒక హద్దు దాటగానే పగిలిపోతుంది. ఇనుము తట్టుకుంటుంది కనుక మందును ఎక్కువగా, గట్టిగా కూరవచ్చు. అందుకే కిలోమీటరుకు అటూ ఇటూ పోయే రాకెట్లు మైసూరు సైన్యం చేతికి వచ్చాయి. కొన్ని రెండు కిలోమీటర్లు కూడా దాటేవి.

పొడవాటి వెదురు బద్ద చేసే పని వేరు. రాకెట్ పక్కకు తిరగబోతే ఆ బద్ద మీద గాలి ఒత్తిడి పడి మళ్లీ దారిలో పెడుతుంది. ఇప్పటి రాకెట్లకు తోక దగ్గర ఉండే రెక్కలు చేసేదీ ఇదే పని. అయినా గురి అంత నమ్మదగ్గది కాదు. ఎక్కడ పడుతుందో తెలియకపోవడమే ఒక్కోసారి శత్రువును ఎక్కువగా భయపెట్టింది. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కల్నల్ బెయిలీ సేన ఓడిపోయిన యుద్ధంలో హైదర్ అలీ, టిప్పు ఈ రాకెట్లను వాడారు. 1799 ఏప్రిల్ 5 రాత్రి శ్రీరంగపట్నం బయట సుల్తాన్‌పేట తోపులోకి చొరబడిన ఆర్థర్ వెల్లెస్లీ, చీకట్లో రాకెట్లు, తుపాకుల దెబ్బకు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించింది ఈ వెల్లెస్లీనే.

సరిగ్గా నెల తిరక్కుండానే, మే 4న, కోట పడిపోయింది. దొరికిన రాకెట్లలో కొన్ని ఇంగ్లండులోని వూలిచ్‌కు చేరాయి. అక్కడ విలియం కాంగ్రీవ్ ముందుగా లండన్ బజారులో దొరికే మంచి రాకెట్లు కొని పేల్చి చూశాడు. అవి 600 గజాలు దాటలేదు. భారత రాజుల రాకెట్లు అంతకంటే చాలా దూరం పోతాయని అతనికి తెలుసు. అక్కడి నుంచి రకరకాల సైజులు చేయడం, పేల్చడం, కొలవడం, రాసిపెట్టడం మొదలైంది. 1806లో బులోన్ మీద, 1807లో కోపెన్‌హేగన్ మీద కాంగ్రీవ్ రాకెట్లు పడ్డాయి. మైసూరు, బ్రిటన్ రాకెట్లను పోల్చుతూ శాస్త్రవేత్త రొద్దం నరసింహ 1985లో రాసిన పత్రం వీలైతే చదవండి, జీఎస్-1కూ జీఎస్-3కీ పనికొస్తుంది.

మన దగ్గర మాత్రం ఆ విద్య ఆగిపోయింది. నా ఉద్దేశంలో కారణం తెలివి తగ్గడం కాదు. ఆ రాకెట్లను కొనే రాజ్యం ఒక్కటే, అది పోయింది. ఇనుప గొట్టాలు చేసే పనివాళ్లకు, మందు కూరేవాళ్లకు గిరాకీ లేదు. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగరలో ఎండిపోయిన బావి తవ్వితే వెయ్యికి పైగా రాకెట్లు బయటపడ్డాయి. రెండు వందల ఏళ్లకు పైగా అవి అక్కడే మట్టిలో ఉండిపోయాయి!

ఇప్పుడు తుంబా. తిరువనంతపురం పక్కన ఉన్న ఈ మత్స్యకారుల ఊరిని విక్రమ్ సారాభాయ్ బృందం ఎంచుకోవడానికి కారణం, అది భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటం. ఆ రేఖ పైన సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున పగటిపూట బలమైన విద్యుత్ ప్రవాహం ఉంటుంది, దాన్ని పరిశీలించాలి. సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి భవనమే ఆఫీసు అయ్యింది. 1963 నవంబరు 21న అక్కడి నుంచి ఎగిరిన మొదటి రాకెట్ నైక్-అపాచీ అమెరికాది. ప్రిలిమ్స్‌కు ఈ తేడా గుర్తుంచుకోండి: తుంబా మొదటి రాకెట్ వేరు, మన మొదటి రాకెట్ వేరు. సైకిల్ మీద రాకెట్ ముక్కు భాగం పట్టుకెళ్తున్న ఫొటో కూడా 1963ది కాదు, 1966లో హెన్రీ కార్టియే-బ్రెసోన్ తీసింది.

మనది ఆర్‌హెచ్-75, అంటే రోహిణి-75. పేరులోని అంకె మిల్లీమీటర్లలో దాని వ్యాసం. బరువు 32 కిలోలు. 1967 నవంబరు 20న ఎగిరినప్పుడు దాని సత్తా సుమారు 10 కిలోమీటర్ల ఎత్తు. నాలుగేళ్ల ముందు అదే తీరం నుంచి అమెరికా రాకెట్ దాదాపు 200 కిలోమీటర్లు పోయింది. పరిశీలించాల్సిన విద్యుత్ ప్రవాహం దరిదాపులకు కూడా ఆర్‌హెచ్-75 చేరలేదు. అయితే ఎందుకు చేసినట్టు? ఫ్రాన్స్ నుంచి సెంటార్ రాకెట్ తయారీ లైసెన్సు కూడా తీసుకుంటున్న రోజులవి. లైసెన్సుతో డ్రాయింగులు వస్తాయి. ఆ కొలత అంతే ఎందుకుండాలో, ఇంధనంలో చిన్న పగులు వస్తే మండే ఉపరితలం ఒక్కసారిగా పెరిగి గొట్టం ఎందుకు పేలిపోతుందో తెలియాలంటే, ఎంత చిన్నదైనా సొంతంగా ఒకటి చేసి ఎగరేయాల్సిందే. మైసూరు పనివాడికి ఎదురైన ప్రశ్న, గొట్టం ఎంత పీడనం తట్టుకుంటుందన్నది, ఇక్కడ మళ్లీ మొదటి నుంచి ఎదురైంది. జవాబు చెప్పడానికి 1799 నాటి మనిషి ఎవరూ లేరు.

తర్వాత పేర్లలోని అంకెలు పెరుగుతూ పోయాయి. 1971 అక్టోబరు 9న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి రాకెట్ ఆర్‌హెచ్-125. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్ఎల్‌వీ-3 మొదటి దశ వ్యాసం ఒక మీటరు. ఎల్‌వీఎం-3కి రెండు పక్కలా ఉండే ఎస్-200 బూస్టర్లది 3.2 మీటర్లు. చిన్న రోహిణులు మూలన పడలేదు, ఆర్‌హెచ్-200 తుంబా నుంచి వరుసగా 200వ విజయం నమోదు చేసింది 2022 నవంబరు 23న.