138కి 184 కలిపితే 230

మే నెల మధ్యాహ్నం. కిషన్‌బాగ్‌లో ఫ్యాన్లు బాగుచేసే ఇరుకు షాపు. బయట బహదూర్‌పురా వైపు ఆటోల మోత. నీ నెత్తిమీద ఫ్యాన్ మూలుగుతోంది, తిరగట్లేదు. ఉస్తాద్ కర్రతో రెక్కను నెడితే బద్ధకంగా కదిలింది.

"కండెన్సర్ పోయింది భాయ్" అంటావు.

"చూసి చెప్పు బేటా."

ఫ్యాన్ ఆపి, పాత కండెన్సర్ విప్పి సిరీస్ బోర్డుకు తగిలిస్తాడు. దారిలో 40 వాట్ల బల్బు. స్విచ్ వేస్తే వెలగలేదు. కండెన్సర్ లోపల తెగిపోయిందన్నమాట. దాన్ని తీసి కొత్తది పెడతాడు. పైన 2.25 మైక్రోఫారాడ్ అని రాసి ఉంది. ఈసారి బల్బు నారింజ రంగులో మందంగా వెలుగుతోంది.

మీటర్ నీ చేతికొస్తుంది. ఒక పిన్నుకి క్లిప్పు ముందే పెట్టి ఉంది. రెండో పిన్ను కుడిచేత్తో పట్టుకున్నావు. ఎడమచేయి వీపు వెనక. కాళ్లకు రబ్బరు చెప్పులు.

బల్బు మీద 138 వోల్టులు. కండెన్సర్ మీద 184. కలిపితే 322.

బోర్డుకు వస్తున్నది 230 మాత్రమే. మీటర్ చెడిందా?

లేదు. నల్లా కింద బిందెను తలుచుకో. ముందు ధార, తర్వాత మట్టం. ధార ఆగినప్పుడే బిందె నిండుగా ఉంటుంది. కండెన్సర్ కూడా అంతే. కరెంటు ఉధృతంగా పారుతున్నప్పుడు దాని వోల్టేజి సున్నా, కరెంటు ఆగినప్పుడు శిఖరం. బల్బుకు ఆ ఆలస్యం లేదు. కరెంటుతోపాటే దాని వోల్టేజి లేస్తుంది, పడుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఒక్కో ఊపుకు 20 మిల్లీసెకన్లు. బల్బు శిఖరానికి, కండెన్సర్ శిఖరానికి మధ్య అందులో పావు వంతు, 5 మిల్లీసెకన్ల ఎడం. అంటే 90 డిగ్రీలు.

గోడ మూల సరిగ్గా 90 డిగ్రీలు రావాలని మేస్త్రీ 3, 4, 5 అడుగుల త్రిభుజంగా తాడు లాగుతాడు చూడు. 138, 184, 230 కూడా అదే లెక్క, ఒక్కోదాన్ని 46తో గుణించారంతే. ఆ త్రిభుజమే కోణం చెబుతుంది. బల్బు వోల్టేజి సప్లై కన్నా 53 డిగ్రీలు ముందు, సుమారు 3 మిల్లీసెకన్లు. కండెన్సర్‌ది 37 డిగ్రీలు వెనక, సుమారు 2.

ఫ్యాన్‌లోని రెండు వైండింగులకు కావలసింది ఇలాంటి ఎడమే. ఒకటి ముందు, ఒకటి వెనక లాగితేనే రెక్క తిరుగుతుంది. రెండూ ఒకేసారి లాగితే మూలుగే.

స్విచ్ ఆపేస్తావు. ప్లగ్గు పీకేస్తావు. బల్బు ఆరింది. కండెన్సర్ తీగల వైపు నీ చేయి వెళుతోంది.

"ఆగు!"

ఆగావు.

బల్బు చీకటి. కరెంటు లేదు. అంటే ధార ఆగింది. మరి బిందె?

స్విచ్‌లో రవ్వ సాగింది. కరెంటు సున్నాకు రాగానే తెగింది. సరిగ్గా అప్పుడే కండెన్సర్ నిండుగా ఉంది. శిఖరం 260 వోల్టులు.

మీటర్ డీసీకి తిప్పు.

240.

230.

220.

మీటరే కొంచెం కొంచెంగా తాగేస్తోంది. నీ వేలు పెడితే ఒక్క గుక్కలో దిగేది. ఉస్తాద్ విడి బల్బు తీగలు రెండింటినీ కండెన్సర్ కొసలకు ఆనిస్తాడు. బల్బు మిణుకుమనలేదు. మీటర్‌లో సున్నా.

"ఇప్పుడు పట్టుకో."

ఫ్యాన్‌కు బిగిస్తావు. స్విచ్ వేస్తావు. మూలుగు లేదు. వీపుకు అంటుకున్న చొక్కా మెల్లగా విడుతోంది.