బ్రిటిష్ జాతీయత – సామ్రాజ్య వారసత్వం

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ ప్రజలు తమ ప్రాంతీయ గుర్తింపులతో పాటు ఉమ్మడిగా చెప్పుకునే జాతీయత బ్రిటిష్ జాతీయత. చట్టం దృష్టిలో ఇది యునైటెడ్ కింగ్‌డమ్ పౌరసత్వం. సామ్రాజ్యంతో పాటే పుట్టి పెరిగింది కాబట్టి దీని చరిత్రలో ఒక విచిత్రం కనిపిస్తుంది. కెనడా, భారతదేశం, జమైకా, కెన్యా తమ పౌరులెవరో చట్టాలు చేసి తేల్చుకున్నాయి. ఆ దేశాలన్నిటినీ ఏలిన బ్రిటన్ మాత్రం తన గడ్డకు మాత్రమే చెందిన పౌరసత్వాన్ని 1981 దాకా నిర్వచించుకోలేదు. ఆ ఏడాది చేసిన చట్టం అమల్లోకి వచ్చింది 1983 జనవరి 1న.

రాజుగారి ప్రజలు

1603లో మొదటి ఎలిజబెత్ రాణి సంతానం లేకుండా చనిపోవడంతో స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్‌కు ఇంగ్లండ్ సింహాసనం కూడా దక్కింది. రాజు ఒక్కడే అయినా రాజ్యాలు, పార్లమెంట్లు, చట్టాలు వేరువేరుగానే ఉండిపోయాయి. అప్పుడొక చిక్కు వచ్చిపడింది. ఆ తరవాత స్కాట్లండ్‌లో పుట్టిన బిడ్డకు ఇంగ్లండ్‌లో భూమిపై హక్కు ఉంటుందా, లేక ఆ బిడ్డ పరదేశి కిందే లెక్కా? 1608లో కాల్విన్ కేసుగా పేరుపడ్డ వ్యాజ్యంలో న్యాయమూర్తులు బిడ్డ పక్షాన తీర్పు చెప్పారు. రాజు ఏలుబడిలో ఎక్కడ పుట్టినా రాజుగారి ప్రజే అన్నారు. ఒక పసివాడి ఆస్తి తగాదాలో తేలిన ఈ సూత్రం మూడు శతాబ్దాలకు పైగా సామ్రాజ్యానికంతటికీ వర్తించింది.

రెండు రాజ్యాలూ ఒకటైంది 1707లో. అంతకు కొద్ది కాలం ముందే స్కాట్లండ్ పనామా భూసంధిలోని డేరియన్‌లో సొంతంగా వలస స్థాపించబోయి, దేశ సంపదలో పెద్ద వాటాను పోగొట్టుకుంది. ఇంగ్లండ్‌తో కలిస్తే దాని వలసలతో వ్యాపారం చేసుకునే దారి తెరుచుకుంటుంది. విలీనానికి ఇదొక్కటే కారణం కాకపోయినా బలమైన కారణమే. ప్రొటెస్టెంటు మతం, ఫ్రాన్సుతో పదేపదే జరిగిన యుద్ధాలు, వ్యాపారం, సామ్రాజ్యం కలిసి ఇంగ్లీషువారినీ స్కాట్లనూ వెల్ష్‌వారినీ బ్రిటిష్‌వారిగా మలిచాయని చరిత్రకారిణి లిండా కాలీ 1992లో వెలువడ్డ ‘బ్రిటన్స్’ గ్రంథంలో వాదించారు. ఆ మూసలో ఐర్లండ్ సరిగా ఇమడలేదు. 1801లో విలీనమైన ఆ దేశంలో అధిక సంఖ్యాకులు కాథలిక్కులు. 1922లో అందులో ఎక్కువ భాగం విడిపోయింది.

స్కాట్లు సామ్రాజ్యాన్ని ఎంతగా సొంతం చేసుకున్నారో తెలుగునాట చూడవచ్చు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలను పాలించి రైత్వారీ పద్ధతికి రూపమిచ్చి, 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూసిన థామస్ మన్రో గ్లాస్గోవాడు. కావలి సోదరుల సాయంతో కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ స్కాట్లండ్ వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో పుట్టినవాడు. ఇక్కడి రైతుకు ఇద్దరూ ‘దొరలే’. సొంత ఊళ్లో స్కాట్, సముద్రం దాటాక బ్రిటిష్: ఆ తరం ఉద్యోగులు చాలామందికి ఈ రెండూ ఇలాగే అతికాయి.

కాగితం మీద ప్రజలందరూ సమానులే. 1858 విక్టోరియా రాణి ప్రకటన భారతీయులకు ఆ మాటే ఇచ్చింది. దాదాభాయి నౌరోజీ 1892లో లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి పార్లమెంటుకు గెలిచారు. 1901లో వేసిన పుస్తకంలో భారతదేశంలో సాగుతున్న పాలన బ్రిటిష్ విలువలకే విరుద్ధమని లెక్కలు కట్టి చూపారు. పాలకులు గొప్పగా చెప్పుకునే కొలతతోనే వారి పాలనను కొలిచారాయన. కానీ 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడలో దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకుతోటలకు వెళ్లిన కూలీలు, వారి వెనక వెళ్లిన తెలుగువారు, తమిళులు కూడా అదే రాణి ప్రజలు. అక్కడ భారతీయులకు ఓటు హక్కు లేకుండా చేసే బిల్లును ఎదిరించడానికే గాంధీ 1894లో నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టారు. ఆస్ట్రేలియా 1901 నుంచి అక్కర్లేని వారికి రాని ఐరోపా భాషలో డిక్టేషన్ పెట్టి వెనక్కి పంపింది. ప్రజలు సామ్రాజ్యమంతటికీ చెందినవారు. వారి హక్కులు మాత్రం రంగును బట్టి, రేవును బట్టి మారేవి.

తలుపు మూసిన ఇరవై ఏళ్లు

1946లో కెనడా సొంత పౌరసత్వ చట్టం చేయడంతో పాత ఏర్పాటు సడలింది. దానికి జవాబుగా బ్రిటన్ 1948లో ‘యునైటెడ్ కింగ్‌డమ్, వలసల పౌరుడు’ అనే హోదా సృష్టించింది. లండన్‌వాసికీ జమైకావాసికీ ఒకే పౌరసత్వం, బ్రిటన్‌కు వచ్చి ఉండే హక్కూ ఒకటే. చట్టం చేసినవారి దృష్టి సామ్రాజ్య బంధాన్ని నిలుపుకోవడం మీద ఉంది తప్ప, నల్లజాతి పౌరులు ఓడెక్కి వస్తారన్న ఊహ మీద లేదు. అదే ఏడాది జూన్ 22న ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడ నుంచి కరీబియన్ దీవుల వారు టిల్‌బరీ రేవులో దిగారు. అప్పటికి ఆ చట్టానికి రాజముద్ర కూడా పడలేదు. పాత సూత్రం ప్రకారమే వారు రాజుగారి ప్రజలుగా వచ్చారు. వలసవాసులను కొత్త చట్టమే రప్పించిందన్న ప్రచారానికి ఈ తేదీలే జవాబు.

1956లో సూయెజ్ ఉదంతం బ్రిటన్ అగ్రరాజ్య భ్రమను చెదరగొట్టింది. 1958లో నాటింగ్ హిల్‌లో కరీబియన్లపై దాడులు జరిగాయి. 1962 చట్టం కామన్‌వెల్త్ నుంచి వచ్చేవారికి తొలిసారి పర్మిట్లు పెట్టింది. అసలు మలుపు 1968. కెన్యాలో స్థానికీకరణ ఒత్తిడి పెరగడంతో బ్రిటిష్ పాస్‌పోర్టులున్న ఆసియావాసులు విమానాలెక్కారు. లేబర్ ప్రభుత్వ హోంమంత్రి జేమ్స్ కాలహన్ హడావుడిగా చట్టం తెచ్చారు. పాస్‌పోర్టు ఉంటే చాలదు, తానో తల్లిదండ్రులో తాత అమ్మమ్మలో బ్రిటన్‌తో పుట్టుక వంటి సంబంధం కలిగి ఉండాలన్నారు. వలస వెళ్లిన తెల్లవారి మనవలకు తలుపు తెరిచే ఉంచి, పాస్‌పోర్టున్న గుజరాతీ వ్యాపారికి మూసే నిబంధన ఇది. జాతి వివక్షతో ఇది మనుషులను కించపరిచిందని ఐరోపా మానవహక్కుల కమిషన్ 1973లో తేల్చింది. ఈ చట్టం వచ్చిన కొద్ది వారాలకే, ఏప్రిల్ 20న, కన్జర్వేటివ్ ఎంపీ ఈనాక్ పావెల్ బర్మింగ్‌హామ్‌లో వలసలపై విషం కక్కాడు. పావెల్ ప్రసంగం అందరికీ గుర్తుంది. అంతకు ముందే పార్లమెంటు చేసిన పని అంతగా గుర్తులేదు.

1971 వలస చట్టం ఈ వంశ సంబంధాన్నే శాశ్వత సూత్రం చేసింది. అది అమల్లోకి వచ్చిన 1973 జనవరి 1నే బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. పాత సామ్రాజ్యపు పౌరులకు తలుపులు బిగుసుకున్న రోజునే ఇటలీ, జర్మనీ కార్మికులకు తెరుచుకున్నాయి.

1981 చట్టం మిగిలిన పని పూర్తిచేసింది. బ్రిటన్‌లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రావడం ఆగిపోయింది. మిగిలిన వలసల వారిని వేరే తరగతిలో వేశారు. ఫాక్‌లాండ్ దీవులవారు చాలామంది ఆ రెండో తరగతిలో పడ్డారు. 1982లో అర్జెంటీనాతో యుద్ధం చేశాక 1983లో వారికి పూర్తి పౌరసత్వం ఇచ్చారు. హాంకాంగ్ వాసులకు ఆ భాగ్యం పట్టలేదు. 1997లో ఆ వలస చైనా చేతికి వెళ్లాక చాలామందికి చేతిలో మిగిలింది బ్రిటన్‌లో ఉండే హక్కులేని ఓ పాస్‌పోర్టు. దానికి వీసా దారి 2021లో గాని తెరవలేదు.

ఆలస్యంగా వచ్చిన బాకీలు

1973కు ముందు వచ్చిన కరీబియన్లకు ఉండే హక్కు పోలేదు, కానీ దాన్ని రుజువు చేసే కాగితం చాలామందికి ఎవరూ ఇవ్వలేదు. 2012 నుంచి హోంమంత్రి థెరిసా మే తెచ్చిన విధానంలో యజమానులు, ఇంటి ఓనర్లు, ఆసుపత్రులు పత్రాలు అడగడం మొదలైంది. వచ్చిన రోజును తెలిపే పాత ల్యాండింగ్ కార్డులను హోంశాఖ అప్పటికే, 2010లో, నాశనం చేసింది. జీవితమంతా పన్నులు కట్టినవారు ఉద్యోగాలు, వైద్యం కోల్పోయారు. కొందరిని దేశం నుంచి పంపేశారు. 2018లో ఇది బయటపడి హోంమంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు. 2020లో విచారణ నివేదిక ఇచ్చిన వెండీ విలియమ్స్ సిఫారసుల్లో ఒకటి హోంశాఖ సిబ్బందికి వలస చరిత్ర నేర్పించాలన్నది.

చరిత్ర పాఠం వీధుల్లోకీ వచ్చింది. 2020 జూన్ 7న బ్రిస్టల్‌లో బానిస వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం పడదోసి రేవులోకి తోశారు. ఆయన చనిపోయింది 1721లో, విగ్రహం నిలబెట్టింది 1895లో. తమ కాలానికి కావలసిన వీరుణ్ని విక్టోరియా కాలంవారు వెతుక్కున్నారన్న మాట. బానిసత్వం రద్దు చేసిన 1833 చట్టం కింద రెండు కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకే దక్కింది, విడుదలైనవారికి పైసా రాలేదు. అందుకోసం చేసిన అప్పు తీరింది 2015లో. బ్రిటిష్ మ్యూజియంలోని వస్తువుల తగువు ఇంకా నడుస్తోంది. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించగా మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరిన అమరావతి స్తూప శిల్పాలు అక్కడే ఉన్నాయి. కొద్ది మినహాయింపులతో, సేకరణలోని వస్తువులను వదులుకోవడాన్ని 1963 చట్టం అడ్డుకుంటోంది.

బ్రిటిష్ గుర్తింపుపై ఇప్పుడు స్కాట్లండ్‌లోనే ఎక్కువ ఒత్తిడి ఉంది. 2014 రెఫరెండంలో దాదాపు 45 శాతం విడిపోవాలన్నారు. ఉత్తర ఐర్లండ్ ప్రజలు తమను బ్రిటిష్, ఐరిష్ లేక రెండూ అనుకునే హక్కును 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం గుర్తించింది. ఇంగ్లండ్‌లో వలస కుటుంబాల పిల్లలు చాలామంది తమను ఇంగ్లీషువారమనడం కన్నా బ్రిటిష్‌వారమనడానికే ఇష్టపడతారు. ఆ పదంలో సామ్రాజ్యం నాటి వైశాల్యం కొంత మిగిలి ఉండడమే కారణం కావచ్చు. ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో ‘బ్రిటిష్ మాత్రమే’ అన్నవారు 2011లో 19.1 శాతం, 2021లో 54.8 శాతం, ‘ఇంగ్లీష్ మాత్రమే’ అన్నవారు 57.7 నుంచి 14.9 శాతానికి పడిపోయారు. అయితే మధ్యలో ఇంగ్లండ్ ప్రశ్నపత్రంలో ‘బ్రిటిష్’ గడిని మొదటి వరసకు మార్చారు. తేడాలో కొంతైనా ఆ మార్పు వల్లే వచ్చి ఉండవచ్చని గణాంక శాఖే చెప్పింది.